పక్కచూపు

మిర్యాలగూడ
18 జూలై 1947

సారమ్మకు,

దుర్భిణి క్షేమం. నేను కూడా క్షేమమే. నువ్వు ఏది ముందు అడుగుతావో తెలుసు కనుక ఆ వరసలోనే రాశాను.

బస్సు పైన వేస్తే అద్దం పగులుతుందని దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాత దుప్పటిలో చుట్టిన మూడడుగుల ఇత్తడి గొట్టాన్ని చూసి పక్కనున్న ఆసామి కొంచెం దూరం జరిగాడు. చివరికి ఉండబట్టలేక, "సారూ, గది పేల్తదా?" అని అడిగాడు. పేలదు, చుక్కలు చూసే దుర్భిణి అన్నాను. తుపాకీ అయినా నయమే అన్నట్టు ఇంకొంచెం దూరం జరిగాడు.

ఇక్కడి పిల్లలకు లెక్కలు రావడం లేదని కదా మన మిషన్ బడివాళ్ళు నన్ను సూర్యాపేట నుంచి ఇటు పంపింది. వచ్చి చూస్తే పిల్లలకు బాగానే వచ్చు. రానిది హెడ్మాస్టరు దేవదాసు గారికి. ఆయన హాజరు పట్టీ కూడితే పోయిన నెల బడికి వచ్చిన పిల్లలు ఊళ్ళో ఉన్న పిల్లలకంటే ఎక్కువయ్యారు.

దుర్గయ్య అనే వడ్ల వ్యాపారి ఇంట్లో గది దొరికింది. మిద్దె వాడుకోవచ్చు. కాకపోతే ఆయన భార్య ఆరబోసిన మిరపకాయలు తొక్కకూడదు. గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలను మొన్న తుమ్ముతూ లెక్కపెట్టాను. మొదటి తుమ్ముకు మూడు, రెండో తుమ్ముకు నాలుగు.

మన ఒప్పందం మరిచిపోకు. దుర్భిణి నా దగ్గర, పదకొండేళ్ళ పరిశీలన పుస్తకాలు నీ దగ్గర. నేను చూసి రాసి పంపుతాను, నువ్వు పుస్తకంలోకి ఎక్కించాలి. చూడనిది రాయకూడదన్న నియమం ఇంట్లో ఉన్నట్టే దూరానికీ వర్తిస్తుంది.

నీ
సత్యానందం


సూర్యాపేట
2 ఆగస్టు 1947

మిర్యాలగూడ ఆకాశానికి కొత్తగా వచ్చిన అధికారి గారికి,

వందనములు. తమరి నాలుగు చందమామలను పుస్తకంలో ఎక్కించాను. తుమ్ములను ఎక్కించలేదు. వాటికి గడి లేదు.

మీరు వెళ్ళాక కూడా నేను మిద్దె ఎక్కుతున్నానని పక్కింటి పెంటమ్మకు మహా బెంగగా ఉంది. నిన్న గోడ మీద గడ్డం ఆనించి, "అయ్య లేకుంట ఒక్కదానివే ఏం సూస్తున్నవమ్మా గాడ?" అని అడిగింది. రోహిణిని చూస్తున్నాను అన్నాను. ఏ రోహిణి, తాసీల్దారు గారి బిడ్డనా అంది. ఆ పిల్ల తెల్లవారకముందే ఎక్కడికి పోతోందో చూడడానికే నేను మిద్దె ఎక్కుతున్నానని ఇప్పుడు వీధంతా అనుకుంటోంది. తాసీల్దారు గారి భార్య నిన్న మాకు మామిడికాయ పచ్చడి పంపింది, ఏమైనా తెలిస్తే ముందు ఆమెకే చెప్పాలట.

మీరు లేని ఇల్లు ఎలా ఉందని అడగలేదు కాబట్టి చెప్పను. ఏప్రిల్ నెలలో సూర్యుడి మీద ఆ పెద్ద మచ్చ వచ్చినప్పుడు కాగితం మీద దాని బొమ్మ పడేలా కిటికీలో దుర్భిణి బిగించాం కదా. ఆ తాడు ఇంకా అలాగే ఉంది. దాని మీద రుమాళ్ళు ఆరేస్తున్నాను.

ఒక మాట. ఊళ్ళో పెద్దమనుషులు మీ దుర్భిణి చూడడానికి వస్తారు. వాళ్ళ ముందు మీకు ఛాతీ ఉబ్బుతుంది. మీకున్నది ఒక్క మంచి కన్ను. ఎడమది చిన్నప్పుడు మసూచి పోసిన నాటి నుంచి ముఖంలో ఖాళీ ఉండకూడదని ఉంచిందే. ఇది మీకు తెలియదని కాదు. తెలిసినవాళ్ళకే ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తుంది.

మీ
సారమ్మ


మిర్యాలగూడ
18 నవంబరు 1947

సారమ్మకు,

నీ ఉపదేశాలు మూడు ఉత్తరాలుగా వరసగా అందుతున్నాయి. ఆదివారం ఫాదరు గారికి ఒంట్లో బాగోకపోతే వాటిలో ఒకటి చదివి వినిపించవచ్చు.

నేను కనిపెట్టిన సంగతి విను. దేవదాసు గారికి నా దుర్భిణి మీద నమ్మకం లేదు. సూర్యుడి మీద మచ్చలున్నాయంటే, "దేవుడు చేసిన దీపానికి మసి ఎట్ల పడతది సత్యానందం?" అన్నారు. నా దుర్భిణి అద్దం మీద ఈగ రెట్ట వేసిందని ఉపాధ్యాయుల ముందు తేల్చి చెప్పారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జీతం ఇచ్చే చోట నవ్వాల్సి వస్తుంది.

అందుకని 22వ తేదీ శనివారం మధ్యాహ్నం ఆయన్ని మా మిద్దెకు పిలిచాను. నలుగురు ఉపాధ్యాయులు కూడా వస్తున్నారు. దుర్గయ్య భార్య మిరపకాయలు ఎత్తేస్తానంది. ఆ ఈగ సూర్యుడి మీద ఎంత దూరం నడుస్తుందో చూపిస్తాను.

క్రిస్మస్‌కు వస్తున్నాను. దుర్భిణి కూడా వస్తుంది. దానికోసం మేక మాంసం వండు, నాకు మిగిలింది పెట్టు.

నీ
సత్యానందం


సూర్యాపేట
29 డిసెంబరు 1947

శ్రీయుత సత్యానందం గారికి,

మేక మాంసం వండాను. పెంటమ్మ ఇంటిల్లిపాదీ తిన్నారు, బాగుందన్నారు.

క్రిస్మస్‌కు రాలేనని మీరు పంపిన కార్డు అందింది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. "దారులు బాగాలేవు. పనుంది. రాలేను." ఒక్కో మాట ఉసిరికాయంత. చదువు రాని మామగారికి కోడలు రాసినట్టు ఇంత పెద్ద అక్షరాలు నేర్చుకున్నారేమిటి? కార్డులో చోటు మిగలకూడదన్న పట్టుదలా? దారులు బాగాలేవన్నది నిజమే. అయినా ఆ దారిలోనే మిరపకాయల బండ్లు వస్తున్నాయి, కోళ్ళు వస్తున్నాయి, పెళ్ళివారు వస్తున్నారు.

దేవదాసు గారికి ఈగ కనబడిందా? పెద్ద సభ జరిపారు కదా, ఆ ముచ్చట ఒక్క ముక్కలోనైనా రాయలేదు. ఓడిపోతే ఓడిపోయానని రాయండి. మీరు ఓడిపోవడం నేను ఇదివరకు చూడనిది కాదు.

నేను కులాసా. ఇక్కడంతా కులాసా.

సారమ్మ


మిర్యాలగూడ
20 జనవరి 1948

సారమ్మకు,

కోపం తగ్గిందా? తగ్గకపోతే ఈ ఉత్తరం మళ్ళీ మడిచి రేపు చదువు.

దేవదాసు గారు సూర్యుడి మచ్చలు చూశారు, ఒప్పుకున్నారు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. పనులు ఎక్కువై ఉత్తరాలు తగ్గాయి.

ఈ నెల ఆకాశం అద్భుతంగా ఉంది. కృత్తికలు ముత్యాల మూటలా ఉన్నాయి. శనిగ్రహం దివ్యంగా ఉంది. వలయాలు మనోహరంగా ఉన్నాయి. చూస్తుంటే మనసు ఉప్పొంగింది. ఇవి పుస్తకంలో ఎక్కించు.

ఒక సాయం చేయాలి. 1944లో ఇద్దరం శని బొమ్మ గీశాం. అది పుస్తకంలో ఉంది. దాన్ని పెద్దగా, లావు గీతలతో, ఒక కాగితం మీద దించి తేదీ వేసి పంపు. ఇప్పటిదానితో పోల్చి చూడాలి.

సత్యానందం


కోదాడ
25 ఫిబ్రవరి 1948

శ్రీయుత సత్యానందం గారికి,

పైన ఊరి పేరు చూసి పొరపాటనుకోకండి. నేను మా అక్క సుందరమ్మ దగ్గరికి వచ్చేశాను. సూర్యాపేటలో నేను పాఠాలు చెప్పే బడి మూసేశారు, పిల్లల్ని పంపడానికి తల్లులు భయపడుతున్నారు. మా అక్కకు మోకాళ్ళ నొప్పులు. ఆమె లేవలేకపోవడం, నేను కూర్చోలేకపోవడం కలిసి ఈ ఇంట్లో మూడు పూటలా వంట అవుతోంది.

మీ శని బొమ్మ ఇందులో ఉంది. 1944 మార్చి 11న గీసినది.

మీ జనవరి పరిశీలన గురించి ఒక సందేహం. దివ్యం, అద్భుతం, మనోహరం, ఉప్పొంగడం. పదకొండేళ్ళలో మీరు ఒక్క గ్రహాన్ని కూడా మనోహరం అనలేదు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అనలేదు. మనోహరమైన వలయం ఎన్ని పాళ్ళ వెడల్పు, దానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు కనబడిందా లేదా? అది రాయండి. మనసు ఉప్పొంగడానికి కూడా పుస్తకంలో గడి లేదు.

ఇక్కడ అందరూ ఆంధ్ర వైపు మూటలు సర్దుకుంటున్నారు. మా బావగారు కూడా ఒకసారి సర్ది, జగ్గయ్యపేట దాకా వెళ్ళి, అక్కడ వంట బాగోలేదని తిరిగొచ్చారు.

సారమ్మ


మిర్యాలగూడ
10 మే 1948

సారమ్మకు,

నిన్న ఆదివారం ఉదయం సూర్యగ్రహణం చూశాను. అక్కడి నుంచి నువ్వు కూడా చూసే ఉంటావు. సూర్యుడు లేచిన కాసేపటికే అంచు నల్లబడింది. తర్వాత క్రమంగా కొరికిన జొన్నరొట్టెలా అయ్యాడు. ఎండ రంగు మారింది. పక్షులు నిశ్శబ్దమయ్యాయి. ప్రకృతి అంతా స్తంభించిపోయింది. దుర్గయ్య కుటుంబం కూడా మిద్దె మీద నా పక్కనే నిలబడి చూసి ఆశ్చర్యపోయారు. ఎనిమిది కాకముందే అంతా మామూలైంది.

వివరంగా రాయమన్నావు కదా, రాశాను.

సత్యానందం


కోదాడ
21 మే 1948

శ్రీయుత సత్యానందం గారికి,

వివరంగానే ఉంది. నేను చూసిన వివరం కూడా వినండి. గ్రహణం సరిగ్గా ఇక్కడి ఆరాధన వేళకు పట్టింది. మా ప్రార్థన మందిరానికి తాటాకు కప్పు, దాని నిండా చిల్లులు. రోజూ నేల మీద గుండ్రంగా పడే వెలుగు చుక్కలన్నీ ఆ ఉదయం నెలవంకలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు, నేల నిండా నెలవంకలు. ఆడవాళ్ళ చీరల మీద, పిల్లల తలల మీద, ఫాదరు గారి బట్టతల మీద ఒకటి. ఆయన పాపం గురించి చెబుతున్నారు, సంఘమంతా నేల చూపులు చూస్తోంది. ప్రసంగం ఇంతగా ఎన్నడూ పనిచేయలేదని ఆయన మురిసిపోయారు. నేను పక్కనున్నామె చీర మీద నెలవంక వెడల్పు వేళ్ళతో కొలిచాను. ఆమె ఏమనుకుందో నాకు తెలియదు.

ఇది నా గ్రహణం. ఇక మీది.

మొన్న గొంగళ్ళు అమ్మే బీరన్న వచ్చాడు. మిర్యాలగూడ నుంచి వస్తున్నాడంటే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. గ్రహణం మీ దగ్గర ఎంత పట్టిందయ్యా అని అడిగాను. "యాడి గ్రహణమమ్మా. ఆదివారం తెల్లారంగ మబ్బువట్టి తొమ్మిది దాంక వాన. నా గొంగళ్ళన్నీ తడిసినయ్. సూర్యుడు యాడున్నడో ఎవనికెరుక" అన్నాడు.

కాబట్టి దుర్గయ్య కుటుంబంతో కలిసి వానలో నిలబడి తమరు చూసిన సూర్యుడు ఏ సూర్యుడో నాకు తెలియజేయగలరు. ప్రకృతి స్తంభించిందన్నారు, తడిసి ఉంటుంది.

దుర్భిణి పగిలిందా? ఎవరికైనా ఇచ్చేశారా? మిద్దె ఎక్కడం మానేసి ఇంకేదైనా వ్యాపకం పట్టారా? ఏదైనా రాయండి, చదువుతాను. చూడనిది మాత్రం చూశానని రాయకండి. అది నాకు తిట్టుకంటే ఎక్కువ.

సారమ్మ


మిర్యాలగూడ
4 జూన్ 1948

సారమ్మకు,

గొంగళ్ళవాడి సాక్ష్యం మీద మొగుడికి శిక్ష వేశావు. బాగుంది.

ఇప్పుడు నా సాక్ష్యం విను. శని బొమ్మ 1944 మార్చి 11న గీశామని రాశావు. ఆ రోజు నువ్వూ నేనూ వాడపల్లిలో మా చిన్నాన్న కొడుకు పెళ్ళిలో ఉన్నాం. అన్నంలో ఉప్పు లేదని నువ్వు మూడు రోజులు సణిగావు. దుర్భిణి సూర్యాపేటలో పెట్టెలో ఉంది. పుస్తకంలో అలాంటి తేదీ ఉండడానికి వీల్లేదు. పుస్తకం తెరవడానికి కూడా నీకు తీరిక లేక నోటికొచ్చిన తేదీ వేసి పంపావు.

చూడనిది రాయకూడదని ఎవరు ఎవరికి చెప్పాలి?

సత్యానందం


కోదాడ
8 అక్టోబరు 1948

మీకు,

నాలుగు నెలలు ఉత్తరం రాయలేదు. కొన్నాళ్ళు కోపంతో, తర్వాత టపా నడవక. సెప్టెంబరులో సైన్యం మా ఇంటి ముందు నుంచే సూర్యాపేట వైపు పోయింది. ట్యాంకులు పోతుంటే ఇంట్లో గిన్నెలన్నీ వాటంతట అవే మోగాయి. మా బావగారు మళ్ళీ మూట సర్దారు. అక్క మంచం కింద దూరింది, మోకాళ్ళ నొప్పులు ఆ పూటకు మాయమయ్యాయి.

నేను పట్టుకోవడానికి చేతికి దొరికింది మీ ఉత్తరాల కట్ట. రోజంతా తలుపులు మూసుకుని కూర్చున్నాం. చేసేదేమీ లేక వాటిని వరసగా నేల మీద పరిచాను. పోయిన ఏడు జూలై ఉత్తరంలో పేజీకి ఇరవై రెండు వరసలున్నాయి. నవంబరు 18న కూడా ఇరవై రెండే. క్రిస్మస్ కార్డులో మూడు. జనవరిలో పేజీకి తొమ్మిది. మే నెలలో ఎనిమిది. జూన్ ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, "సాక్ష్యం" అన్న మాట ఒకే చోట రెండుసార్లు పడింది. ఆ అక్షరాలను ఉసిరికాయలన్నాను. ఆ మాట రాసిన చేతిని ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు.

ఈ ఉత్తరం ఇంత లావు అక్షరాలతో ఎందుకు రాస్తున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంకా పెద్దవి కావాలంటే చెప్పండి. పేజీకి ఒకే మాట రాస్తాను.

ఇప్పుడు నా సంగతి. పుస్తకాలు లేవు. ఫిబ్రవరిలో సూర్యాపేట ఇంటికి తనిఖీకి వచ్చారు. ఎవరన్నది రాయను, అప్పుడు ఎవరైనా రావచ్చు. నక్షత్ర పటాలున్న పుస్తకం తెరిచి, అందులో ఒకడు వేలు పెట్టి, "గీ సుక్కలేంది?" అన్నాడు. కృత్తికలు అన్నాను. "ఏ తాలూక?" అన్నాడు. ఆకాశంలో ఉంటాయన్నాను. ఏడు ఊళ్ళు ఒకే చోట గుంపుగా ఉన్నాయంటే దళం అక్కడే దాగి ఉంటుందని వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నారు. దారి తెలిస్తే వెళ్ళి పట్టుకోండి అన్నాను. నా నోటి సంగతి మీకు తెలుసు. రేపు పెద్దాయన్ని తీసుకొస్తాం, పుస్తకాలు ఎక్కడికీ కదలకూడదని చెప్పి పోయారు.

వాళ్ళు మలుపు తిరగగానే పదకొండు పుస్తకాలూ పొయ్యిలో పెట్టాను. ఒక్కొక్కటీ చించి పెట్టాను, అట్టలు కాలడం లేదని. దాని మీద అన్నం వండాను, పొయ్యి ఎందుకు వెలిగిందని అడిగితే చెప్పడానికి. ఆ అన్నం తిన్నాను కూడా. మర్నాడు తెల్లారి కోదాడ బండి ఎక్కాను. మీరు శని బొమ్మ అడిగితే మనసులో ఉన్నది గీసి పంపాను. తేదీ అబద్ధం. బొమ్మ అబద్ధం కాదు.

మీ కంటికి ఏమైంది?

మీ
సారమ్మ


మిర్యాలగూడ
20 అక్టోబరు 1948

సారమ్మకు,

కాగితం మీద దారం కట్టుకుని, దాని వెంట వేలు జరుపుతూ రాస్తున్నాను. వరసలు ఎక్కితే క్షమించు.

ఆ శనివారం దేవదాసు గారు వచ్చారు. కాగితం మీద సూర్యుడి బొమ్మ పడేలా పెట్టాను, మచ్చలు చక్కగా కనబడ్డాయి. ఆయన చూసి, "కాగితం మీద ఎవడైన సుక్కలు పెట్టొచ్చు. నిజమైతే కన్నుతోనే సూపియ్యి" అన్నారు. ఉపాధ్యాయులు మళ్ళీ నవ్వారు. ఈసారి నాకు నవ్వు రాలేదు. మసి పూసిన గాజు ముక్కను కన్ను పెట్టే చోట బిగించి, ముందు నేను చూసి వాళ్ళకు చూపిస్తానన్నాను. పదకొండేళ్ళుగా నీకు, బళ్ళో ప్రతి పిల్లవాడికి, అలా చేయకూడదని చెప్పినవాణ్ణి నేనే. మచ్చలు స్పష్టంగా కనబడ్డాయి. అక్కడ నాలుగు, ఇక్కడ రెండు అని లెక్కపెడుతున్నాను. వేడికి గాజు టప్పున పగిలింది.

నొప్పి లేదు. అదే విచిత్రం. సాయంత్రానికి కుడికంటి నడిమధ్యలో బూడిద రంగు మచ్చ నిలబడింది, ఇంకా పోలేదు. దవాఖానలో చూపించాను, ఇగ పోదన్నారు. నేను దేన్ని చూడాలని చూస్తే అది మాయమవుతుంది, దాని చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయి. అక్షరాన్ని చూస్తే అక్షరం పోతుంది, కాగితం అంచులు ఉంటాయి. ఎడమ కన్ను సంగతి నీకు తెలిసిందే, ఇన్నాళ్ళకు దానికీ ఉద్యోగం దొరికింది, పని రాదు.

క్రిస్మస్‌కు వస్తే ఒక్క నిమిషంలో కనిపెట్టేస్తావని రాలేదు. నీ తిట్లకు భయపడలేదు. తిట్టకుండా ఊరుకుంటావేమోనని భయపడ్డాను. అందుకే శనిని, గ్రహణాన్ని కల్పించి రాశాను. కృత్తికలకు ముత్యాలు పెట్టాను. నీ శని బొమ్మ పంపమన్నది కూడా దాన్ని చూసి కొత్త బొమ్మ గీద్దామనే. అది నాకు కనబడలేదు. పుస్తకాలు కాలిపోయాయన్నావు. మంచి పని చేశావు. పుస్తకాలు లేకపోయినా నువ్వు ఉన్నావు, పుస్తకాలుండి నువ్వు లేకపోతే కుదరదు. పన్నెండో పుస్తకంలో నా అబద్ధాలు పడకుండా కూడా తప్పింది.

బడిలో ఏడాది పాటు నోటితోనే లెక్కలు చెప్పాను. దేవదాసు గారికి మొదటి నుంచీ తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఆయన వల్లే జరిగింది కనుక తట్టుకోలేక నీ ఉత్తరాలు ఆయనే చదివి వినిపించేవారు, నా పట్టీలు కూడా ఆయనే కూడేవారు. అందుకే మా బడిలో ఎప్పుడూ పిల్లలు ఎక్కువ. ఇప్పుడు పైనుంచి తనిఖీదారు వచ్చి కనిపెట్టాడు. నవంబరు ఆఖరుకు నన్ను మానుకోమన్నారు. దేవదాసు గారు నా ఎదుట కూర్చుని చాలాసేపు ఏడ్చారు. ఆయన కళ్ళు రెండూ బాగున్నాయి, బాగా ఏడ్చారు. ఖాళీ అయ్యే చోటు నీకు ఇప్పిస్తామన్నారు. జీతం నాకిచ్చినదానికంటే తక్కువ. నీకు రెండు కళ్ళూ ఉన్నా ఆడదానివి కాబట్టి.

వస్తావా? ఇది హేళన కాదు, అడుగుతున్నాను.

సత్యానందం


కోదాడ
10 నవంబరు 1948

మీకు,

వస్తాను. 24వ తేదీ బుధవారం పొద్దున బస్సు. అక్క మోకాళ్ళకు ఒక మనిషిని కుదిర్చాను.

తిట్లు వచ్చాక. ఇప్పుడు వాటికి టైము లేదు, ఎందుకంటే ఆకాశంలో తోకచుక్క ఉంది.

నిన్న తెల్లవారుజామున అక్క వాకిలి చల్లడానికి లేచి, చెంబు పడేసి లోపలికి పరుగెత్తి వచ్చింది. నేను వెళ్ళి చూశాను. ఆగ్నేయంలో శుక్రుడు మెరుస్తున్నాడు. ఆయనకు కుడివైపున, కాస్త దిగువగా మసకబారిన చుక్క, దాని నుంచి పైకి తెల్లటి తోక. చేయి చాచి చూస్తే పిడికిలి మీద పిడికిలి, రెండు పిడికిళ్ళ పొడవు. పైకి పోయేకొద్దీ వెడల్పు, అంచులు పలచన. తెల్లారే వరకు, అంటే ముప్పావుగంట సేపు చూశాను. ఈ రోజు కూడా చూశాను, శుక్రుడికి ఇంకొంచెం దూరం జరిగింది. ఊళ్ళో భయంగా ఉన్నారు. తోకచుక్క వస్తే రాజ్యం పోతుందట. రాజ్యం పోయి రెండు నెలలైంది, ఇది మన బస్సులాగే ఆలస్యంగా వచ్చింది అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చేయండి. మీరే నాకు నేర్పిన సంగతి ఇది: మసక వస్తువును చూడాలంటే దాన్ని చూడకూడదు, దాని పక్కన చూడాలి, కంటి అంచుకు అది దొరుకుతుంది. మీ కంటికి ఇప్పుడు మిగిలింది ఆ అంచే కదా. తెల్లవారుజామున దుర్గయ్యను లేపి మిద్దె ఎక్కించమనండి. దుర్భిణి వద్దు. శుక్రుడు ఎక్కడున్నాడో ఆయన్ని వేలితో చూపించమనండి. మీరు శుక్రుణ్ణే చూడండి. తోకచుక్కను మాత్రం చూడకండి.

కనబడకపోతే కనబడలేదని రాయండి. నేను వచ్చి చూసి చెబుతాను.

మీ
సారమ్మ


మిర్యాలగూడ
13 నవంబరు 1948

సారమ్మకు,

ఈ తెల్లవారుజామున మబ్బు లేదు. కావాలంటే బీరన్నను అడుగు.

దుర్గయ్య నా భుజం పట్టుకుని ఆగ్నేయం వైపు తిప్పి, "గదో సారూ, గీడ నా ఏలు చివర్న" అన్నాడు. ఆయన వేలి వెంట చూశాను. శుక్రుణ్ణి చూడగానే శుక్రుడు మాయమయ్యాడు. ఆయనతో పాటు దుర్గయ్య వేలు కూడా సగం పోయింది. కాసేపు ఏమీ లేదు. లేదని రాయాలనుకున్నాను. తర్వాత కుడివైపున, నేను చూడని చోట, తెల్లగా ఒకటి నిలబడి ఉంది. దాన్ని చూద్దామని కన్ను తిప్పాను. పోయింది. మళ్ళీ శుక్రుడి మీదికి తిప్పాను. వచ్చింది. అలా ఐదారుసార్లు చేశాను. అది తోకచుక్కే. తోక పైకి ఉంది. కొంచెం కుడికి వాలి ఉంది. దాని తల నాకు కనబడలేదు. పొడవు కొలవలేకపోయాను. చూసినంత వరకే రాశాను.

దుర్గయ్య నన్ను చూసి భయపడ్డాడు. "తోకసుక్క గాడ ఉంటే గీడ సూసి ఏడుస్తున్నరేంది సారూ" అన్నాడు. చలికి నీళ్ళు వచ్చాయని చెప్పాను. అది ఒక్కటీ అబద్ధం.

24న బస్సు వచ్చే చోటికి నేనే వస్తాను, దుర్గయ్యను తోడు తెచ్చుకుంటాను. ఒక్క సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నలుగురిలో నా పరువు తీస్తావు. నువ్వు బస్సు దిగేటప్పుడు నేను నీ వైపు చూడను. నీ పక్కన దిగే మనిషిని కన్నార్పకుండా చూస్తూ ఉంటాను. ఆ మనిషి ఎవరైనా సరే, మగవాడైనా, ముసలమ్మైనా, కోళ్ళ గంపైనా. కోప్పడకు. నేను చూసేది నిన్నే.

నీ
సత్యానందం